భీమిలి సినిమానా, బీచ్‌లో సబ్‌మెరైనా?

విశాఖ అంటే ఏమిటో బయటివాళ్లకి దేనితో చెప్పాలి? సినిమాతోనా, మ్యూజియంతోనా?

1978లో వచ్చిన 'మరో చరిత్ర' సంగతే చూడండి. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, మన విశాఖ, పక్కనే ఉన్న భీమిలి సముద్రతీరం. డబ్బింగ్ లేకుండా తెలుగులోనే తమిళనాట ఆడింది. అప్పటి ఖాళీ బీచ్‌లనీ కొండలనీ ఎవరూ పనిగట్టుకుని సినిమాలో భద్రపరచలేదు, కథ వెనకాల అలా ఉండిపోయాయంతే. అపార్ట్‌మెంట్లు లేచాక వాటి విలువ తెలిసొచ్చింది. చిక్కల్లా ఏంటంటే, మన సినిమాలకి వైజాగ్ ఎప్పుడూ ప్రేమజంటల ఊరే. హార్బర్ కూలీలు, జాలరిపేట జనం ఫ్రేములోకి వచ్చేది తక్కువ.

ఆర్కే బీచ్‌లో కురుసురా దారి వేరు. 1969లో నేవీలో చేరిన ఈ జలాంతర్గామి 2002లో మ్యూజియమైంది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి ఒళ్లు వంచి దూరాలి. మనుషుల పడకలు టార్పెడోల పక్కనే. నేవీలో చేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి చూపిస్తారు. కాకపోతే అది నేవీ జ్ఞాపకం. ఊరి యాస అందులో వినబడదు.

చుట్టాలకి ఒక్క సాయంత్రమే ఉంటే నా ఓటు కురుసురాకే, పిల్లలుంటే మరీను. ఇక్కడ పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాళ్లకైతే మాత్రం ఆ సినిమానే పెట్టండి.