వాట్సాప్ సాక్ష్యం: ఫోనే ఇవ్వాలా, ప్రింటవుట్ చాలా?

ప్రామిసరీ నోటు లేదు. "వచ్చే నెల సర్దేస్తానన్నా" అన్న వాట్సాప్ మెసేజొక్కటే ఆధారం. మనీ సూటులో, అంటే బాకీ రాబట్టుకునే దావాలో, దాన్ని కోర్టు ముందుంచడానికి రెండు దారులున్నాయి.

ఫోనే దాఖలు చేయొచ్చు. సొంతదారు బోనెక్కి, ఇది నాదే, మెసేజ్ ఇందులోనే ఉందని రుజువు చేస్తే ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు రికార్డులో సాక్ష్యంగా, మార్కయిన ఫోను ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం. ఓటీపీలూ పిల్లల ఫొటోలూ దాంతోపాటే.

రెండోది ప్రింటవుట్. దీనికి సర్టిఫికెట్ తప్పదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బి సెక్షన్ సర్టిఫికెట్‌తో పోలిస్తే, 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద పని పెరిగింది: పార్ట్ ఎ మీద మన సంతకం, పార్ట్ బి మీద నిపుణుడిది, రెండింట్లోనూ హాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ హాష్ మొత్తం మారిపోతుంది. నిపుణుణ్ని వెతుక్కోవడమే అసలు తలనొప్పి.

అయినా నా ఓటు రెండోదానికే. స్క్రీన్‌షాట్‌లో "సుబ్బు బావ" అన్న పేరు కాదు, పూర్తి నంబరూ తేదీ కనబడాలి. చాట్ మాత్రం ఫోన్లోంచి చెరపొద్దు. అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందడిగేది అదే.