బెలుం నుంచి నిమ్మలకుంట దాకా: మన ఖర్చులో ఊరికి మిగిలేదెంత?

సీమలో చూడదగ్గ చోట్ల గురించి రాసేవాళ్ళు కోట ఎంత పాతది, గుహ ఎంత పొడవు, రూము అద్దె ఎంత అని చెప్తారు. ఈసారి నేను ఇంకో రెండు సంగతులు కూడా చూసుకుంటూ తిరిగాను. మనం పెట్టే ఖర్చులో ఆ ఊరికి ఎంత మిగులుతోంది? మనం పారేసి వచ్చే చెత్త ఎవరు ఎత్తుతున్నారు? తోడు మా బావ వచ్చాడు. పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైన మనిషి. కారు ఎక్కడ ఆగినా ఆయన కళ్ళు ముందు కుళాయి మీద, తర్వాత మురుగు కాలవ మీద పడతాయి. గుడిగోపురం ఆ తర్వాతే.

కర్నూలులో పొద్దున్నే బయలుదేరి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఓర్వకల్లు రాతివనంలో కాసేపు ఆగాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి గంటసేపు బాగుంటుంది, ఎండెక్కితే మాత్రం రాళ్ళు కాలిపోతాయి. 2021లో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం తెరిచాక ఈ దారిన బయటి జనం పెరిగారు. ఓర్వకల్లు మండలంలో పొదుపు సంఘాల ఆడవాళ్ళు ఎలా నిలదొక్కుకున్నారో జిల్లా అంతా తెలుసు. రాతివనం గేటు పక్కన వాళ్ళ సరుకుకంటూ ఒక మంచి కొట్టు ఉంటే, అక్కడ ఆగిన ప్రతి కారూ కనీసం కిలో కొర్రలో, పావుకిలో శెనక్కాయల పొడో కొనుక్కుని పోతుంది.

పాణ్యం, బనగానపల్లె మీదుగా బెలుం చేరాం. గుహలు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి గానీ, మా నోట్లో ఇంకా కర్నూలు జిల్లాయే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83ల్లో డేనియల్ గెబౌర్‌తో వచ్చిన జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం తిరిగేది అందులో ఒకటిన్నర కిలోమీటరు. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్లు. లోపల దీపాలు బాగా పెట్టారు, గాలి కోసం పైనుంచి ఏర్పాట్లున్నాయి, అయినా చెమట కారిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పాతాళగంగ దాకా దిగకుండా పైనే ఆగడం మంచిది. నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి.

ఈ అంకెలన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయిన సంగతి వేరే ఉంది. 1980ల చివరి దాకా చుట్టుపక్కల ఊళ్ళ చెత్త పడింది ఈ గుహల్లోనే. ఊరివాళ్ళు, కొందరు పోలీసు అధికారులు కలిసి పట్టుబట్టి దీన్ని బాగుచేయించారు. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చింది, 2002లో జనానికి తెరిచారు. ఇవాళ అక్కడ ఆటోవాళ్ళకీ, గైడ్లకీ, సోడా కొట్టువాళ్ళకీ అన్నం పెడుతున్నది ఒకప్పటి చెత్తగుంత. ఊరు ముందుకొస్తే ఏమవుతుందో సీమలో ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

సాయంత్రానికి జమ్మలమడుగు దాటి గండికోట చేరుకున్నాం. పెన్నానది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారే ఆ లోయ అంచున నిలబడితే ఎవరికైనా మాట రాదు. ఫొటోల్లో చూసి తృప్తిపడే చోటు కాదు, వెళ్ళాల్సిందే. కోటలోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూసేంత దగ్గరలో ఉన్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. అదే కోటలో ఇప్పటికీ ఒక ఊరుంది, మనుషులు కాపురముంటున్నారు. చాలామంది సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు, ఆ ఇళ్ళవైపు చూడరు.

బస విషయానికొస్తే మూడు దారులున్నాయి. కోట బయట పర్యాటక శాఖవాళ్ళ హోటల్ ఉంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి అదే నిశ్చింత, కానీ శని, ఆదివారాలకి ముందే బుక్ చేసుకోవాలి. చౌకగా కావాలంటే జమ్మలమడుగులో లాడ్జీలు దొరుకుతాయి. మూడోది లోయకి దగ్గర్లో వేసే ప్రైవేటు గుడారాలు. మేం గుడారమే తీసుకున్నాం. రాత్రి ఆకాశం నిండా చుక్కలు, చల్లటి గాలి, సంగటి, నాటుకోడి పులుసు. అంతవరకూ ఏ వంకా పెట్టలేను. తెల్లవారి సూర్యోదయం చూసి వస్తుంటే గుడారాల వెనక కంపచెట్ల దగ్గర పొగ కనిపించింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రాత్రి తిన్న థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ టిన్నులు ఊడ్చి కుప్పపోసి నిప్పంటిస్తున్నాడు. గాలికి ఎగిరిన కవర్లు కొన్ని అప్పటికే లోయ అంచున రాళ్ళ సందుల్లో ఇరుక్కుని రెపరెపలాడుతున్నాయి. అడిగితే, "చెత్తబండి ఇంత దూరం రాదన్నా, ఇంగేం జేయాల?" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మేం తిన్న ప్లేట్లు కూడా ఆ కుప్పలోనే ఉన్నాయి.

ఇక్కడ మా బావ చెప్పిన లెక్క మీతో పంచుకోవాలి. ఎందుకంటే, ఊళ్ళో చెత్త కనపడగానే పంచాయతీని తిట్టడం మనకి అలవాటు. కేంద్రం నిధులు ఎవరికెంత పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవచ్చు, కానీ అందులోంచి జీతాలు ఇవ్వకూడదంది. పైగా ఆ డబ్బుకి లెక్క ఊళ్ళో కాపురముండే జనమే. ఆదివారం వచ్చి పోయే జనం ఆ లెక్కలో లేరు. కాబట్టి చిన్న పంచాయతీకి వచ్చేది ఆ ఊరికి సరిపడా గ్రాంటు, ఎత్తాల్సింది మాత్రం జాతర చెత్త.

"షెడ్డు కట్టడం ఎంతసేపు బామ్మర్దీ. తడి పొడి రోజూ ఏరే మనిషికి నెలనెలా జీతం ఇయ్యడం దగ్గరే అన్నీ ఆగిపోతాయి" అన్నాడు బావ. చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలని మన ఊళ్ళ బయట కట్టిన షెడ్లు మీరూ చూసే ఉంటారు. ఎన్నిటికి తాళాలు పడి ఉన్నాయో కూడా చూసి ఉంటారు. పంచాయతీకి సొంత ఆదాయం లేకపోతే ఆ తాళం తీసే మనిషి ఉండడు.

సొంత ఆదాయం ఎక్కడినుంచి వస్తుంది? ఇంటిపన్ను ఉంది, గుడారానికి అది వేయడం కష్టం. సంతలకీ బండ్లు నిలిపే చోట్లకీ ఆశీలు, అంటే చోటు వాడుకున్నందుకు తీసుకునే రుసుము, వేలం వేసే పద్ధతి మన పంచాయతీలకు కొత్త కాదు. వచ్చే కార్లకు రసీదు ఇచ్చి పార్కింగ్ ఆశీలు తీసుకోవచ్చు. గుడారాలకు లైసెన్సు, గుడారానికింత అని చెత్త రుసుము పెట్టుకోవచ్చు. స్థలం పురావస్తు శాఖదా, అటవీ శాఖదా, పర్యాటక శాఖదా అన్న పేచీ వస్తుంది, నిజమే. అందుకే ముగ్గురినీ గ్రామసభకు పిలిచి కూర్చోబెట్టి తీర్మానం రాసుకోవాలి. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు రాసిన 29 అంశాల్లో పర్యాటకం లేదు. కానీ తాగునీరు, రోడ్లు, పారిశుధ్యం, సంతలు, చిన్న పరిశ్రమలు, ఊరి ఉమ్మడి ఆస్తుల సంరక్షణ ఉన్నాయి. యాత్రికుడికి కావలసినవి దాదాపు ఇవే కదా.

గండికోటకి పెద్ద డబ్బు కూడా వస్తోంది. 2024లో కేంద్రం ఈ చోటి అభివృద్ధికి దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంతకు ముందే, 2023 జూలైలో, ఇక్కడ ఏడు నక్షత్రాల హోటల్‌కి శంకుస్థాపన జరిగింది. నేను వీటికి వ్యతిరేకం కాదు. రోడ్డు, వెలుగు, రక్షణ గోడ అవసరమే. అయితే హోటల్ వంటింట్లోకి కూరగాయలు ఎక్కడినుంచి వస్తాయి, కోడి ఎవరి దొడ్లోది, పెరుగు ఎవరు తోడుపెట్టింది అన్నవి పని మొదలయ్యే ముందే మాట్లాడుకోవాల్సిన విషయాలు. కేరళలో కుమరకంలో 2008లో అదే చేశారు. పంచాయతీ మధ్యలో నిలబడి, కుటుంబశ్రీ అనే అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్ళు పండించిన కూరగాయలు రిసార్టులు కొనేలా ఒప్పించింది. ధర కూడా కలిసి కూర్చుని ఖాయం చేసుకున్నారు. జమ్మలమడుగు చుట్టుపక్కల పొదుపు సంఘాలకు ఆ పని చేతకాదని ఎవరూ అనలేరు.

కోటలోపల ఇళ్ళవాళ్ళ ఇబ్బంది వేరు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టడానికి వీల్లేదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణతో ఇది గట్టిగా అమలవుతోంది. కట్టడాల రక్షణకు అది ఉండాల్సిందే. కానీ దానివల్ల ఆ ఇంటివాళ్ళు పక్కన ఓ గది వేసి యాత్రికుడికి అద్దెకివ్వాలన్నా కుదరదు. ఉన్న గదినే శుభ్రం చేసి, మరమ్మతుకి అనుమతి తెచ్చుకుని, భోజనం పెట్టి పంపే ఏర్పాటు ఒక్కటే దారి. అనుమతి కాగితాలు ఇంటింటికీ విడివిడిగా తిరక్కుండా ఊరి తరఫున పంచాయతీ ఒక్కటే పెడితే వాళ్ళకు సగం భారం తీరుతుంది.

గుడి దారిలో జామకాయలు, ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే అక్క దగ్గర కాసేపు కూర్చున్నాం. గంపకింద తడిగుడ్డ, గుడ్డమీద జామకాయలు వరసగా, ప్రతి కాయకీ ఆకు ఉంచింది. ఆకుంటే ఈ పొద్దు కోసిందని నమ్ముతారట. "ఆదివారం యాపారం ఉంటాది సామీ, తక్కిన దినాలు సగం కాయ మేకలకే" అంది. నీడకి ఏం చేస్తున్నావని అడిగితే కొంగు చూపించింది. ఆమెకి కావలసింది నాలుగు గుంజల మీద రేకు, ఒక కుళాయి, దగ్గర్లో ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి. 78 కోట్ల పక్కన ఇది ఎంత చిన్న ఖర్చో చెప్పక్కర్లేదు. అడిగే నోరు గ్రామసభలో ఉండాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అలాంటి సభలో ఈ అక్క మాట కూడా కాగితం మీదకి ఎక్కాలని నా కోరిక.

తాడిపత్రిలో ఊపిరి తేలికైంది. శుభ్రత విషయంలో పేరున్న మున్సిపాలిటీ ఇది, ప్లాస్టిక్ కవర్ల మీద చాలా ముందుగానే పట్టుబట్టిన ఊరు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో పూర్తికాని గోపురాల మీద చెక్కడాలు చూడండి, నల్లరాతిలో ఆ సన్నదనం నాకు హంపిలో కూడా కనిపించలేదు. ఊళ్ళో చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతిరథం ఉంది. ఈ గుళ్ళు కూడా గండికోట పెమ్మసానివాళ్ళు కట్టించినవే, అందుకే రెండు ఊళ్ళూ ఒకే ప్రయాణంలో చూస్తే కథ అతుకుతుంది. లాడ్జీలు మామూలువి, భోజనం బాగుంటుంది.

ఊరి అన్నం మాత్రం బండల వ్యాపారంలో ఉంది. బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఇక్కడ లెక్కలేనన్ని. కోతలో నీళ్ళతో కలిసి వచ్చే బూడిదరంగు బురద, ఎండాక పొడిగా లేచి కళ్ళల్లో పడుతుంది. ఆ పొడిని ఇటుకల్లో కలపవచ్చు. ఒక చోట పోయించి, ఇటుక బట్టీలవాళ్ళకు చేర్చే పని ఫ్యాక్టరీ యజమానులు విడివిడిగా చేయరు, వాళ్ళకి తీరికా లేదు, లాభమూ కనపడదు. మున్సిపాలిటీ పూనుకోవాల్సిన పని అది. వీధి బండ్లవాళ్ళ విషయంలో పట్టణాలకు 2014 చట్టం అండగా ఉంది. దాని ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది బండ్లవాళ్ళే ఉండాలి. గుడి చుట్టూ పూలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్ళని పండగకి ముందు తరిమే ఊళ్ళు ఈ చట్టం ఒకసారి తిరగేస్తే బాగుంటుంది.

చివరికి ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్ళాం. తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక ఇంటి వసారాలో పెద్దాయన తోలు మీద హనుమంతుడి తోక అంచున చిన్న ఉలితో చిల్లులు పొడుస్తున్నాడు. ఒక్కో చిల్లుకి ఒక దెబ్బ, తోలు పక్కకి తిప్పి మళ్ళీ ఒకటి. దీపం ముందు పెట్టి చూపిస్తే ఆ చిల్లులన్నీ నగల్లా మెరిశాయి. బొమ్మలాటలు తగ్గాక లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు చేస్తూ నెట్టుకొస్తున్నారు, అమ్మకం ఎక్కువగా దూరపు నగరాల ఎగ్జిబిషన్లలోనే. లేపాక్షి వీరభద్రస్వామి గుడికి బెంగళూరు నుంచి ఎంతమంది వస్తారో మనకి తెలుసు. అందులో పదోవంతు కార్లు ఇటు తిరిగినా ఈ బొమ్మలు చేసేవాళ్ళ పిల్లలు చేతిపని వదిలి వలస పోరు. పంచాయతీ ముందుగా చేయాల్సింది మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డు, ఊళ్ళో వారానికి ఒక సాయంత్రం గంటసేపు ఆట, దానికి టికెట్టు.

వెళ్ళేవాళ్ళు బేరం మరీ గట్టిగా ఆడకండి, చిన్న లాంప్‌షేడ్‌కి కూడా రోజులు పడతాయి. వానాకాలంలో కొంటే తోలుకి తేమ తగలకుండా అట్టపెట్టెలో కట్టమని అడగండి, ఓపిగ్గా కట్టిస్తారు. బస ధర్మవరంలో చూసుకోవచ్చు. పెద్ద జంక్షన్ కాబట్టి బెంగళూరు వైపుకీ గుంతకల్లు వైపుకీ రైళ్ళకి కొదవలేదు.