ప్రదర్శనకెళ్లిన పాత షాట్‌గన్: లండన్‌దా, పార్కరా, లియేజ్‌దా? ఏది మేలు?

పంతొమ్మిదో శతాబ్దపు షాట్‌గన్ ఒకటి కొనాలి, అది దేశదేశాల సరుకు పెట్టే ఏ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిందో కూడా తేల్చుకోవాలి అనుకునేవారికి ప్రధానంగా మూడు దారులు. లండన్ తయారీ, అమెరికా పార్కర్, బెల్జియం లియేజ్ తుపాకీ. అందంలో దేనికదే సాటి. కాగితాల దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలా తేడా. నా తూకమంతా ఆ కాగితాల మీదే.

అసలు ప్రదర్శన చరిత్రకు ఇంత విలువెందుకంటే, 1851లో లండన్ హైడ్ పార్కులో, క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగినదాన్నే చూడండి. ఫ్రాన్సు నుంచి లెఫోషే తుపాకీ అక్కడికొచ్చింది. గొట్టాలను కిందికి వంచి వెనకనుంచి తూటా పెట్టే రకం. అప్పటికి ఇంగ్లండ్ వేటగాళ్లంతా గొట్టం మూతిలోంచి మందూ గుండ్లూ పోసి గజంతో దట్టించేవాళ్లే. కొద్ది ఏళ్లలోనే లండన్‌లో తుపాకులు చేసే జోసెఫ్ లాంగ్ ఆ పద్ధతిని అందుకున్నాడు, మిగతావాళ్లు అతని వెనక నడిచారు. తుపాకీ తయారీ దారి మళ్లిన చోటు అది. అలాంటి చోట నిలిచిన తుపాకీని చేతిలోకి తీసుకోవడం నాకు మామూలు సంగతి కాదు.

చిక్కల్లా ఒక్కటే. ప్రదర్శన కేటలాగుల్లో తయారీదారు పేరు, ఊరు, ఏ రకం సరుకు పెట్టాడన్నది ఉంటాయి గానీ తుపాకీ నంబరు సాధారణంగా ఉండదు. ఫలానా కంపెనీ 1878లో పారిస్ వెళ్లిందన్నది నిజమే అయినా, మీ చేతిలో ఉన్నదే అక్కడ పెట్టారనడానికి అది చాలదు. పెట్టె మూత లోపలి లేబుల్ మీద పతకాల బొమ్మలు చూసి బోల్తా పడేవాళ్లు చాలామంది. ఆ పతకాలు కంపెనీకొచ్చినవి. అదే లేబుల్‌ను మామూలు తుపాకుల పెట్టెల్లోనూ అంటించేవారు. కేటలాగుకూ తుపాకీకీ లంకె కలపాలంటే నంబర్ల వారీగా రాసిన కంపెనీ పద్దు దొరకాలి.

ఆ లెక్కన లండన్‌దే పైచేయి. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్ కంపెనీల పాత పద్దులు ఇప్పటికీ ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన వెస్ట్లీ రిచర్డ్స్‌వీ ఉన్నాయి. నంబరు పంపి అడిగితే ఎవరి కోసం చేశారో, గొట్టాల పొడవెంతో, ఎప్పుడు అప్పగించారో బయటపడే అవకాశం ఉంది. కొన్నవారి పేరుండాల్సిన చోట ప్రదర్శన పేరు రాసి ఉంటే అంతకు మించిన రుజువు అక్కర్లేదు. పద్దు చేతికందేలోపే తుపాకీ కూడా కొంత చెబుతుంది. హాలండ్ అండ్ హాలండ్ అన్న పేరు వచ్చిందే 1876లో. ఆ పేరు చెక్కిన తుపాకీ 1867 పారిస్ ప్రదర్శనకెళ్లిందంటే నమ్మకండి. పర్డీ సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు మారింది 1882లో. రెండు గొట్టాల నడుమ పట్టీ మీద ఆ చిరునామా కనబడితే 1878 కథ చెల్లదు, గొట్టాలు తర్వాత మార్చి ఉంటే తప్ప. గొట్టాలు విప్పి అడుగున ప్రూఫ్ ముద్రలు, అంటే కాల్చి పరీక్షించాక కొట్టే ముద్రలు, చూడండి. ‘నాట్ ఫర్ బాల్’ అంటే 1875 నిబంధనల కాలం. ‘చోక్’ అంటే 1887 నుంచి. ‘స్లీవ్‌డ్’ అని ఉంటే పాత గొట్టాలు కోసేసి కొత్తవి అతికించారని. అది కాల్చడానికి పనికొస్తుంది గానీ చరిత్ర కోసం కొనేవాళ్లకు కాదు.

మన వైపు వినిపించే ‘నిజాం గారి తుపాకీ’ కథలకూ ఇదే పరీక్ష. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన వేటగాడు. మన సంస్థానాధీశులు లండన్ తుపాకులు తెప్పించుకున్న మాటా నిజమే. ఫలానా తుపాకీ ఆయనదేనని చెప్పాల్సింది మాత్రం పద్దు, అమ్మేవాడు కాదు.

లండన్ తుపాకీకి ధర పెద్ద అడ్డంకి. అక్కడే పార్కర్ అక్కరకొస్తుంది. కనెక్టికట్ రాష్ట్రం మెరిడెన్‌లో 1860ల చివర మొదలై, 1934లో రెమింగ్టన్ చేతికి పోయి, 1940ల మొదట్లో ఆగిపోయేలోపు 2,40,000 పైచిలుకు తుపాకులు చేశారు. వాటి స్టాకు పుస్తకాలు, ఆర్డరు పుస్తకాలు అన్నీ కాకపోయినా చాలావరకు మిగిలాయి. పార్కర్ గన్ కలెక్టర్స్ అసోసియేషన్ వాటిని చూసి, దొరికినంత వివరంతో ఉత్తరం రాసిస్తుంది. గొట్టాలు విడదీస్తే కింది చదును మీద నంబరుతో పాటు పనితనం స్థాయి చెప్పే గ్రేడు అంకె కూడా కనబడుతుంది. 2 అంటే జి, 3 అంటే డి, 4 అంటే సి, అలా పైకి 8 దాకా. అదే నంబరు గొట్టాల మీదా, ముందు చెక్క ఇనుము మీదా ఉండాలి. నగిషీ చూస్తే సి గ్రేడు, పుస్తకంలో చూస్తే జి అని తేలితే, తర్వాతెవరో చెక్కించి ఖరీదు పెంచారన్నమాట. పార్కర్లకు ఈ బెడద ఉంది, పట్టుకునే దారీ ఉంది. పైగా 1898 వరకు తయారైనవి అమెరికా ఫెడరల్ చట్టంలో యాంటిక్ కింద లెక్క. 1876 ఫిలడెల్ఫియా, 1893 షికాగో ప్రదర్శనల నాటివి ఆ గీతలోపే వస్తాయి. అక్కడున్న తెలుగువాళ్లు రాష్ట్ర చట్టం విడిగా చూసుకోవాలి.

లియేజ్ తుపాకులు చౌక, నగిషీలో కొన్ని లండన్‌ను తలదన్నుతాయి. డమాస్కస్ గొట్టాలకు ఆ ప్రాంతం పుట్టిల్లు లాంటిది. ఇనుమూ ఉక్కూ కడ్డీలను మెలితిప్పి, గొట్టంగా చుట్టి అతికితే ఆ అలలు తేలతాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పని వేరు, చూపుకు పోలిక ఉన్నా. లియేజ్‌తో బాధేమిటంటే ఒకరు గొట్టం, ఒకరు లాకు (పేల్చే యంత్రం), ఒకరు కర్ర చేసి, మరొకరి పేరుతో అమ్మిన సరుకు లెక్కలేనంత. పద్దులు దొరకడం అరుదు, ముద్రలే దిక్కు. లియేజ్ ప్రూఫ్ ముద్ర అయిన ‘ఈ ఎల్ జి’ అక్షరాల మీద కిరీటం ఉంటే అది 1893 లేదా ఆ తర్వాతి ముద్ర. 1889 పారిస్ అంటూ కిరీటమున్నది చూపిస్తే, మళ్లీ ప్రూఫ్ చేయించిన ఆధారం అడగండి.

ఇండియాలో ఉన్నవారికి ఎంపిక ఇంకా ఇరుకు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత లైసెన్సు మీద రెండు తుపాకులకు మించకూడదు. పురాతన విలువ ఉండి, బాగుచేసినా పేలనివాటికే ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు. వందేళ్లు దాటినదాన్ని ఎవరికో అమ్మి దేశం దాటిద్దామంటే 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు.

నన్నడిగితే మొదటి తుపాకీ పార్కరే. ప్రదర్శన కథ ఉండి పద్దులేని లండన్ తుపాకీ, ఏ ప్రదర్శనా చూడకపోయినా నంబర్లన్నీ పుస్తకంతో సరిపోయే జి గ్రేడు పార్కర్, రెండూ ఒకే ధరకొస్తే రెండోదే తెచ్చుకుంటాను. పద్దుతో సహా లండన్‌ది దొరికి, చేతిలో డబ్బుంటే ఇక ఆలోచించక్కర్లేదు. లియేజ్‌లో పనితనానికి ధర కట్టండి, కథకు పైసా కలపకండి. ఎక్కడిదైనా సరే, డబ్బు మాట ఎత్తకముందే నంబరు, ప్రూఫ్ ముద్రల ఫొటోలు అడగండి. పంపడానికి వెనకాడితే బేరం అక్కడే ఆపేయండి.