కారు బ్యాటరీ ఇంట్లో మనమే మార్చుకోవడమా, దుకాణానికి అప్పగించడమా: ఏది మేలు?

అనంతపురంలో కారు బ్యాటరీ కొన్నవారిని బిగింపు కూలి అడిగిన దుకాణం నాకు ఇంతవరకు తగల్లేదు. కొత్త బ్యాటరీకి డబ్బు కడితే చాలు, దుకాణంలోని కుర్రవాడు స్పానరు పట్టుకొని వచ్చి పాతదాన్ని ఊడదీసి కొత్తదాన్ని బిగిస్తాడు; పాతదానికి కట్టిన విలువను బిల్లులో తగ్గిస్తారు. కాబట్టి “మనమే మార్చుకుంటే డబ్బు మిగులుతుంది” అన్న మాట మన ఊళ్లో అంతగా నిలవదు. అయినా ఈ పని ఇంట్లో చేసుకోవడం తెలిసి ఉండాలనే నేను అంటాను. బ్యాటరీ నిజంగా చెడిపోయిందా లేదా అన్నది తేల్చే పని, దాన్ని అమ్మేవారి ఒక్కరి చేతిలోనే ఉండకూడదన్నదే దానికి కారణం.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక ఉదయం తాళం తిప్పగానే నా పెట్రోలు కారు టక్ టక్‌మని ఊరుకుంది. పిలిస్తే వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, హెడ్‌లైట్లు ఒకసారి వేయించి చూసి, “ఇది అయిపాయ సార్, కొత్తది ఏసుకోండి” అన్నాడు. ఆ రోజే కొత్తది వేయించాను. పది రోజులు తిరగకముందే మళ్లీ అదే చప్పుడు వినిపించింది. ఈసారి ఎవరినీ పిలవకుండా మైనస్ తీగ చివర ఉన్న బిగింపును చేత్తో పట్టుకొని చూస్తే, అది గాజుల చేతికి వదులైన గాజులా తిరిగింది. దాని లోపలి అంచున సున్నంలాగా తెల్లటి పొర పేరుకొని ఉంది. కొత్త బ్యాటరీ వేసినవారు ఆ పొరను గీకకుండానే పైన బిగించి వెళ్లారన్నమాట. గీకి, గట్టిగా బిగించగానే బండి లేచింది. నా పాత బ్యాటరీ మాత్రం అప్పటికే తుక్కు లెక్కలో కలిసిపోయింది.

అందువల్ల ఎవరిచేత మార్పించాలన్న ప్రశ్నకు ముందు, మార్చాలా అన్న ప్రశ్న ఉంది. దీనికి వోల్టులు కొలిచే, కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో ఉదయాన్నే బ్యాటరీ రెండు టెర్మినళ్ల (తీగలు తగిలించే కొసల) మధ్య కొలిస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12.4 అంటే ముప్పాతిక వంతు ఉన్నట్టు, 12.0 అంటే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క. ఖాళీ కావడం వేరు, చెడిపోవడం వేరు. లోపలి దీపం ఆర్పడం మరచిపోయినా ఖాళీ అవుతుంది, అప్పుడు ఛార్జింగు పెడితే సరిపోతుంది. నిండుగా ఛార్జి అయిన తరువాత కూడా సెల్ఫ్ కొట్టే క్షణంలో ముల్లు 9.6 వోల్టుల కంటే కిందికి జారుతోందంటే బ్యాటరీ బలహీనపడినట్టే. ఇక ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటే బాగా తక్కువ ఉంటే తప్పు బ్యాటరీని ఛార్జి చేసే డైనమోది, దానికి ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా దిగిపోతూనే ఉంటాయి.

మన ప్రాంతంలో చలి పెద్దగా లేదు కాబట్టి బ్యాటరీలు ఎక్కువ కాలం నిలవాలని కొందరు అనుకుంటారు, కానీ జరిగేది దానికి తలకిందులు. చలి బ్యాటరీ శక్తిని ఆ పూటకు తగ్గిస్తుంది. వేడి దాని ఆయుష్షునే తింటుంది. నలభై డిగ్రీలు దాటే ఎండలో, దానికి తోడు ఇంజను పక్కన, లోపలి నీరు ఆవిరై పోతుంది, సీసపు పలకల జాలీ త్వరగా తుప్పు పడుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీని వేసవికి ముందు ఒకసారి కొలిచి చూసుకోవడం అందుకే మంచిది. మూతలు తీసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, బోరు నీరు పోస్తే అందులోని లవణాలు పలకలను పాడు చేస్తాయి.

ఇక ఇంట్లో మార్చుకునే పద్ధతి. చిన్న కార్లలో చాలావాటికి 10 నంబరు స్పానరుతోనే టెర్మినళ్ల మీది తీగల బిగింపులు ఊడివస్తాయి. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని (కరెంటు తీసినప్పుడు తలుపులు లాక్ అయిపోతే చెవి లోపల ఉండకూడదు), చేతి ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టుకోవాలి. ముందుగా విప్పవలసింది మైనస్ తీగనే. కారు ఇనుప బాడీ అంతా మైనస్‌కు కలిపి ఉంటుంది గనుక, మైనస్ ఉండగానే ప్లస్ నట్టు విప్పుతూ స్పానరు రెండో కొస బాడీకి తగిలిస్తే, కళ్ల ముందే నిప్పురవ్వలు లేచి స్పానరు ఎర్రబడేంత కరెంటు పారుతుంది. మైనస్ ముందే తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. బిగించేటప్పుడు అదే కారణంతో ప్లస్ ముందు, మైనస్ చివర. ఈ వరుస ఒక్కటి గుర్తుంటే పనిలో సగం భయం పోతుంది.

తీగలు విప్పాక బ్యాటరీని పట్టి ఉంచే బ్రాకెట్ తీసి, నిలువుగా పైకి లేపాలి. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ పది కిలోల దగ్గర ఉంటుంది, డీజిలు కారుది సాధారణంగా ఇంకా బరువు. నడుము నొప్పి ఉన్నవారు ఈ ఒక్క పనికి ఇంకొకరిని పిలుచుకోవాలి. టెర్మినళ్ల మీది తెల్లటి పొరపై వంట సోడా కలిపిన నీళ్లు పోస్తే బుసబుసమని నురుగు వచ్చి అది కరుగుతుంది. తరువాత పొడిబట్టతో తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, బిగించిన మీదట కాస్త వాజ్‌లైన్ పూస్తే మళ్లీ అంత త్వరగా పేరుకోదు. టెర్మినళ్లు సీసంతో చేసినవి, సీసం మెత్తని లోహం కాబట్టి బలమంతా పెట్టి బిగించకూడదు. ఛార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక, పక్కన నిలబడి సలహాలు చెప్పే పెద్దమనిషి చేతిలో బీడీ ఉంటే ముందు దాన్ని ఆర్పించాలి.

ఇంతవరకు చేతిపని. నిజమైన చిక్కు బ్యాటరీ ఎంచుకోవడంలో ఉంది, దుకాణం మేలనిపించేదీ అక్కడే. ఉదాహరణకు పాత బ్యాటరీ మీద 38B20L అని ఉంటే, అందులోని 20 దాని పొడవు సెంటీమీటర్లలో, చివరి అక్షరం టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో చెప్పే గుర్తు. L బదులు R తెస్తే తీగ అందదు. బలవంతంగా అందించి ప్లస్, మైనస్ తారుమారు చేస్తే ఫ్యూజుతో మొదలై డైనమో వరకు కాలవచ్చు. టెర్మినళ్లలో సన్నవి, లావువి కూడా ఉంటాయి. దుకాణంవారు వీటిని ఒక్క చూపులో పోలుస్తారు. వారి దగ్గరి లోడ్ టెస్టరు, బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగి చూస్తుంది కాబట్టి, మన మల్టీమీటరు కంటే నమ్మదగిన తీర్పు ఇస్తుంది. వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు, ముద్ర వేసి ఇస్తారు. వారంటీ కాలంలో మొదటి భాగంలో చెడితే ఉచితంగా కొత్తది వస్తుంది, రెండో భాగంలో ధరలో కొంత తగ్గింపు మాత్రమే దక్కుతుంది. కొనేటప్పుడు అడగవలసింది మొత్తం నెలలు కాదు, మొదటి భాగం ఎన్ని నెలలన్నది.

దుకాణంలో లోపాలూ లేకపోలేదు. వారి దగ్గర ఉన్నదే మన కారుకు సరైనదని చెప్పడం ఒకటి. ఆరు నెలలకు మించి అరలో కూర్చున్న బ్యాటరీ మన ఎండలకు తనంతట తానే కొంత దిగిపోయి ఉంటుంది, అందువల్ల తయారైన నెల చూడకుండా తీసుకోకూడదు. తొందరలో బ్రాకెట్ బిగించకుండా వదిలేయడం ఇంకొకటి: మా పక్కింటివారి కారులో అలాగే వదిలేస్తే, గతుకుల రోడ్డు మీద నెల రోజులు ఊగి ఊగి బ్యాటరీ పెట్టె అడుగున పగిలింది. కుర్రవాడు బానెట్ వేయకముందే బ్యాటరీని ఒకసారి చేత్తో కుదిపి చూడడం మొహమాటపడవలసిన విషయం కాదు.

కంపెనీ సర్వీసు సెంటరులో ధర సాధారణంగా ఎక్కువ, సమయం ఎక్కువ. కానీ సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగి మళ్లీ లేచే రకం కార్లకు నేను అక్కడికే వెళ్లమంటాను, ఎందుకంటే వాటికి మామూలు బ్యాటరీ పనికిరాదు, కొన్నింటిలో మైనస్ తీగ మీదే సెన్సారు ఉంటుంది, మరికొన్నింటికి కొత్త బ్యాటరీ వేసిన సంగతి కంప్యూటరుకు నమోదు చేయాలి.

పట్నంలో ఉండి మామూలు చిన్న కారు నడిపేవారికి నా సలహా ఇది: కొలవడం ఇంట్లో, కొనడం, బిగించడం దుకాణంలో, బిగించేటప్పుడు పక్కన నిలబడడం. ఉరవకొండ, రాయదుర్గం వైపు పల్లెల్లో ఉన్నవారి సంగతి వేరు. కదలని కారును దుకాణం దాకా తేలేరు, మనిషిని పిలిపిస్తే పూట పోతుంది. వారు పాత బ్యాటరీ పైభాగాన్ని ఫోనులో ఫోటో తీసి, దాన్ని చూపించి కొత్తది తెచ్చుకొని, తామే మార్చుకోవడం మేలు. ఆన్‌లైనులో తెప్పించుకునేవారు, కనిపించే ధర పాత బ్యాటరీ తిరిగి ఇస్తేనే వర్తిస్తుందా అన్నది ముందే చూసుకోవాలి.

పాతదాన్ని మాత్రం ఇంట్లో ఉంచుకోకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే, దుకాణాల దగ్గర దానికి విలువ కూడా కడతారు. తీసుకెళ్లేటప్పుడు డిక్కీలో ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అందులో బ్యాటరీని నిలువుగా ఉంచి, ఒరగకుండా పక్కన ఏదైనా బస్తా ఆనించాలి; పడుకోబెట్టి తీసుకెళ్తే లోపలి ఆసిడ్ కారి, దుకాణం చేరేలోపే కార్పెట్‌ను కాల్చేస్తుంది.