ఆక్స్‌ఫర్డ్‌షైర్ చలిలో బంగారు తీగ కోసం ఒక రాత్రి

రెడింగ్‌లో మా ఆఫీసు నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు ఏటా చలికాలంలో స్నేహితులతో కలిసి ఒక చెరువు మొత్తం బుక్ చేస్తారు. 24 గంటల పాటు కార్ప్ చేపలకు, అంటే మన బంగారు తీగ జాతికి, గాలం వేసే పోటీ. శనివారం పొద్దున్న పదింటికి మొదలు, ఆదివారం పదింటికి ముగింపు. ఈసారి ఇద్దరు తగ్గారని నన్నూ మా బావమరిదినీ పిలిచారు. వాడు చదువుకని వచ్చి రెండేళ్ళయింది. మా అత్తగారి ఊరు కైకలూరు పక్కన, మామయ్యగారికి చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె మధ్య పెరిగినవాడికి గాలం పోటీ అనగానే ప్రాణం లేచొచ్చింది.

ముందు ఒక ముఖ్యమైన మాట. ఇంగ్లండ్‌లో 13 ఏళ్ళు నిండిన ఎవరైనా మంచినీటి చేపలకు గాలం వేయాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్స్ ఉండాలి. చెరువు టికెట్ కొన్నాం కదా అనుకుంటే కుదరదు, అది వేరు, ఇది వేరు. లేకుండా పట్టుబడితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు లైసెన్స్ ఉచితమే, కానీ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఒక్క రోజుకీ ఇస్తారు, ఎనిమిది రోజులకీ ఇస్తారు.

చోటు స్టాంటన్ హార్‌కోర్ట్ దగ్గర. ఆక్స్‌ఫర్డ్‌కు పడమరగా, విట్నీకి కిందుగా ఉంటుంది. ఇక్కడ ఏళ్ళ తరబడి కంకర తవ్వారు, ఆ గుంతలు నీళ్ళతో నిండి చెరువులయ్యాయి. కార్ప్ పట్టేవాళ్ళలో లీనియర్ ఫిషరీస్ అనే చెరువుల పేరు తెలియనివాళ్ళుండరు, అదీ ఈ చుట్టుపక్కలే. మాది మాత్రం ఒక చిన్న ప్రైవేటు చెరువు, 14 మందికి సరిపోయేది. రైల్లో ఆక్స్‌ఫర్డ్ దిగితే విట్నీకి ఎస్1 బస్సుంది. కానీ గాలం కడ్డీలు, డేరా, దుప్పట్లు మోసుకుని బస్సెక్కడం అయ్యే పని కాదు, కారే శరణ్యం. అబింగ్డన్ మీదుగా ఏ415 రోడ్డులో వెళ్ళాం. దారిలో థేమ్స్ దాటే రాతి వంతెన చూడదగ్గది. పేరు న్యూబ్రిడ్జ్, కానీ థేమ్స్ మీద మిగిలిన అతి పాత వంతెనల్లో అదొకటి. ఒకే కారు పట్టేంత సన్నగా ఉంటుంది, సిగ్నల్ పడేదాకా ఆగాలి.

శుక్రవారం రాత్రి ఒక పబ్ మీది గదిలో దిగాం. రెండు మంచాల గది, 95 పౌండ్లు. ఫొటోల్లో బాగుంది. రాత్రి పదకొండు దాటగానే హీటర్ ఆగిపోయింది. కింద ఎవరూ లేరు, ఫోన్ ఎత్తలేదు. కోట్లు వేసుకునే పడుకున్నాం. పొద్దున్న ఎనిమిదిన్నర దాకా టిఫిన్ లేదన్నారు. మాకు ఎనిమిదికల్లా గట్టు మీద ఉండాలి. బయట రాత్రంతా గడపబోయేవాళ్ళకు ముందు రోజు నిద్ర ఎంత ముఖ్యమో మర్నాడు తెలిసొచ్చింది. గది బుక్ చేసేటప్పుడు రాత్రంతా హీటర్ ఉంటుందా, పొద్దున్నే తినడానికి ఏమైనా ఇస్తారా అని ఫోన్ చేసి అడగండి.

డేరా, మంచం, చలికాలపు నిద్రసంచి ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్నాం. మనిషికి 60 పౌండ్లు. నిద్రసంచి నిజంగా మంచిది. డేరా విప్పితే మాత్రం పది మేకుల్లో ఆరే ఉన్నాయి. గాలి లేస్తుందేమోనని మాకు టెన్షన్ పట్టుకుంది. మా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు తన పెట్టె తెరిచి నాలుగు మేకులు ఇచ్చి, తనే దిగ్గొట్టి వెళ్ళారు. అద్దె సామాను దుకాణంలోనే విప్పి లెక్కచూసుకోవాలి.

గట్టు మీద మొదట చేయించిన పని గాలం వేయడం కాదు. వలలు, చేపను పడుకోబెట్టే మెత్తలు అన్నీ మందు కలిపిన తొట్టిలో ముంచడం. కోయి హెర్పిస్ వైరస్ అని కార్ప్ చేపల్ని గుంపులు గుంపులుగా చంపే జబ్బుంది. ఈ దేశంలో అది కనిపిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాలి. తడి వల ఒక చెరువులోంచి ఇంకో చెరువుకు పోతే జబ్బూ దాంతోపాటే పోతుంది. మా బావమరిది ఆ తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "బావా, మా ఊళ్ళో ఒకే వల పది చెరువులు తిరుగుద్ది. నాన్నకు చెప్పాలి," అన్నాడు. అప్పటికప్పుడు ఫొటో తీసి పంపాడు.

తర్వాత గట్టు మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీలు. ఆ చోటునే పెగ్ అంటారు. నాకు తొమ్మిదో పెగ్, వాడికి పది. మాకు పక్కన ఎనిమిదిలో మేకులిచ్చిన పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి. పోటీ మొదలైనా ఆయన అరగంట గాలం వెయ్యలేదు, కుర్చీలో కూర్చుని నీళ్ళే చూశారు. చలికాలంలో కార్ప్ చెరువంతా తిరగదట. వంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి నీరు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, అన్నీ ఒకచోట చేరి కదలకుండా ఉంటాయి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు, అందుకని గడ్డకట్టే చలిలో పైనున్న నీటికంటే అడుగునే వెచ్చన. ఆ గుంపు ఎక్కడుందో కనిపెడితే సగం పని అయినట్టే, లేకపోతే ఎంత ఎర వేసినా చేప రాదు. ఆయన ఒట్టి సీసం గుండు విసిరి, నెమ్మదిగా లాగుతూ, కడ్డీ అదురును బట్టి అడుగున బురద ఉందో కంకర ఉందో చెప్పేవారు. నా చేతికిచ్చి లాగించారు. కంకర మీద టకటకా కొట్టుకుంటుంది, బురదలో మెత్తగా కూరుకుని వదులుతుంది. రెండోసారికి నాకూ తెలిసింది.

ఎర గురించి కూడా ఆయన మాటే విన్నాం. వేసవిలో వాడే నూనె ఎక్కువున్న చేపపిండి ఉండలు చల్లటి నీళ్ళలో వాసన సరిగా వదలవు. బతికున్న తెల్ల పురుగులు గుప్పెడు, నీళ్ళలో కరిగిపోయే పీవీఏ సంచిలో కట్టి గాలంతోపాటు విసిరాం. మరో కడ్డీకి ఒకే ఒక్క మొక్కజొన్న గింజ.

సాయంత్రం నాలుగున్నరకు చీకటి పడింది. అప్పటికి 14 మందిలో ఇద్దరికే చేపలు. రాత్రి ఏడింటికి అందరూ మధ్యలో ఒక పెద్ద గొడుగు కిందికి చేరారు. వాళ్ళు సాసేజ్‌లు కాల్చారు, మేం ఫ్లాస్కుల్లో తెచ్చిన పప్పుచారు పంచాం. ఒకాయన మూడుసార్లు పోయించుకున్నాడు. 1952లో రిచర్డ్ వాకర్ అనే ఆయన హియర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ అనే చిన్న కొలనులో 44 పౌన్ల కార్ప్ పట్టిన సంగతి అప్పుడే విన్నాను. 20 కిలోలు. దాన్ని చంపలేదు, లండన్ జూకి ఇచ్చారు, అక్కడ చాలా ఏళ్ళు బతికింది. ఆ చేప గురించి వాళ్ళు మాట్లాడిన తీరు మన ఊళ్ళో పాత తుఫాను గురించి పెద్దవాళ్ళు చెప్పుకునేలా ఉంది.

రాత్రి మైనస్ 3. డేరాలో నీళ్ళ సీసా గడ్డకట్టింది. నిద్రసంచిలో వంటికి చలి లేదు, పాదాలకే చలి. రెండు జతల మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి వేస్తే బిగుసుకుపోయి ఇంకా చల్లబడతాయి, వదులుగా ఒక ఉన్ని జత చాలు. డేరా లోపల స్టవ్ మాత్రం వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే పోయినవాళ్ళున్నారు. పోటీ పెట్టిన క్లబ్ వాళ్ళు దీన్ని రూల్‌గా పెట్టారు, రాత్రి ఒకసారి వచ్చి చూశారు కూడా. ఆ ఒక్క విషయంతోనే నాకు ఈ క్లబ్ మీద నమ్మకం కుదిరింది.

ఆదివారం ఎనిమిదింబావుకు, అప్పుడే ఎండ నీళ్ళ మీద పడుతుంటే, చేప తగిలితే మోగే నా అలారం ఒక్కసారి పలికింది. లాగుడు గట్టిగా లేదు, బరువుగా ఉంది. పది నిమిషాలకు వలలోకి వచ్చింది. "బావా, బంగారు తీగ! మన బంగారు తీగే!" అని వాడు గట్టిగా అరిచాడు. నిజమే, అదే కామన్ కార్ప్. మన దేశానికీ బయటి నుంచి వచ్చిందే, 1939లో శ్రీలంక నుంచి నీలగిరికి తెచ్చారు. కానీ దీని రంగు వేరు. చలి నీళ్ళలో ముదురు రాగి రంగు తేలి, పొలుసులు ఒక్కొక్కటీ పేర్చినట్టున్నాయి. 11 పౌన్ల 6 ఔన్సులు, అయిదు కిలోలు దాటింది. తడిపిన మెత్త మీద పెట్టి, ముల్లు లేని గాలం తీసి, గాయానికి మందు రాసి, తూచి, మళ్ళీ నీళ్ళలో పెట్టాం. మా ఇంట్లో ఇంత చేప వస్తే పులుసు పెట్టి నలుగురిని పిలుస్తాం. ఇక్కడ యజమాని అనుమతి లేకుండా చేప తీసుకెళ్ళడం నేరం. అది తోక కదిలించి లోతుకు పోయేదాకా నా చేతులు నీళ్ళలోనే ఉన్నాయి, చలి తెలియలేదు.

ఎనిమిదో పెగ్ పెద్దాయన రెండు చేపలతో గెలిచారు. మొత్తం 14 మందికి వచ్చినవి ఆరు. బావమరిదికి ఏమీ రాలేదు, వాడు బాధపడలేదు.

నిద్ర లేని కళ్ళతో నడపకూడదని ఆ రాత్రి విట్నీ వైపు ఒక రైతు ఇంట్లో గది తీసుకున్నాం, 80 పౌండ్లు. పబ్‌తో పోలికే లేదు. బురద బూట్లకు వేరే గది, తడి బట్టలు ఆరేయడానికి రాత్రంతా వేడి బాయిలర్ పక్కన తాడు, మంచం మీద బరువైన ఉన్ని దుప్పటి. విట్నీ ఒకప్పుడు దుప్పట్లకే పేరుపొందిన ఊరు, చివరి మిల్లు 2002లో మూతపడింది. ఆ దుప్పటి ఆ కాలం నాటిదేనని ఇంటావిడ చెప్పారు.

సోమవారం తిరిగొచ్చేముందు డెవిల్స్ కోయిట్స్ చూశాం. వేల ఏళ్ళ నాటి రాళ్ళ వలయం, చెరువుల మధ్యలో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మైదానం కోసం చెడగొట్టారు, తర్వాత కంకర తవ్వకం, 2002-2008 మధ్య రాళ్ళను మళ్ళీ నిలబెట్టారు. టికెట్ లేదు, జనం లేరు. అక్కడికి వెళ్తే గంట కేటాయించండి, బూట్లు మర్చిపోవద్దు.

ఫిబ్రవరి చివర్లో ఇంకో పోటీ ఉంది. మా ఇద్దరికీ పెగ్‌లు ఉంచుతామన్నారు. రైతు ఇంట్లో గది రెండు రాత్రులకూ ఇప్పుడే చెప్పేశాం, ఈసారి పప్పుచారు పెద్ద ఫ్లాస్కులో తీసుకెళ్ళాలి.