రోజమండ్ బొమ్మల వెంట: కార్డిఫ్, వుడ్‌స్టాక్, గాడ్‌స్టో

ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ ప్రియురాలు రోజమండ్ క్లిఫర్డ్. చిక్కుదారుల నడుమ ఇల్లు కట్టి రాజు ఆమెను దాచాడనీ, రాణి ఎలినార్ ఒక దారం ఆనవాలు పట్టుకుని లోపలికి వచ్చి "విషమా, బాకా?" అని అడిగిందనీ కథ. విక్టోరియా కాలపు చిత్రకారులకి ఈ కథంటే తగని మోజు.

వేల్స్ రాజధాని కార్డిఫ్‌తో మొదలుపెట్టండి. లండన్ పాడింగ్టన్ నుంచి రైల్లో రెండు గంటలు. నేషనల్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. చిత్రకారుడు రొసెట్టి 1861లో వేసిన 'ఫెయిర్ రోజమండ్' వీళ్ళదే. బొమ్మలు మారుస్తుంటారు కాబట్టి ముందే కనుక్కుని వెళ్ళండి. తలలో గులాబీ, చేతిలో ఎర్రతాడు, ఎరుపెక్కిన బుగ్గలు. రాజు వస్తున్నాడేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకున్న మనిషి. రాణి లేదు, విషం లేదు. అందుకే ఈ బొమ్మ నాకు అన్నిటికన్నా నచ్చింది.

కథలోని చిక్కుదారుల ఇల్లు వుడ్‌స్టాక్‌లో ఉండేదంటారు. అక్కడికి ఆక్స్‌ఫర్డ్ నుంచి బస్సులున్నాయి. హెన్రీ భవనం ఇప్పుడు లేదు. బ్లెన్‌హైమ్ ప్యాలెస్ తోటలో చెరువు ఒడ్డున 'రోజమండ్ బావి' అనే ఊట, రాతి తొట్టి మాత్రం మిగిలాయి. టికెట్ ఖరీదెక్కువ. బావి ఒక్కదాని కోసమైతే అంత పెట్టక్కర్లేదు, ప్యాలెస్ కూడా చూసేవాళ్ళకే గిట్టుబాటు. ఆ ఊళ్ళో మేం దిగిన గది ఇరుకు, శాకాహారులకి పొద్దున టోస్టూ బీన్సే. ఆక్స్‌ఫర్డ్‌లో దిగడం మేలు.

నన్ను కదిలించింది గాడ్‌స్టో. ఆక్స్‌ఫర్డ్ నుంచి పోర్ట్ మెడో అనే పచ్చికబయలు మీదుగా థేమ్స్ గట్టున నడిచి వెళ్ళొచ్చు, టికెట్ లేదు. సన్యాసినుల మఠం మొండిగోడలే ఉన్నాయి. 1176 ప్రాంతంలో చనిపోయిన రోజమండ్‌ని ఇక్కడి చర్చిలో పూడ్చారు. 1191లో బిషప్ హ్యూ వచ్చి, పట్టుగుడ్డలతో, దీపాలతో అలంకరించిన ఆ సమాధిని చూసి, దాన్ని బయటికి మార్పించాడు. ఇక ఎలినార్ సంగతి. కొడుకుల తిరుగుబాటుకి తోడ్పడిందని 1173 నుంచే ఆమె భర్త చెరలో ఉంది. విషం పట్టుకుని వుడ్‌స్టాక్ ఎలా వస్తుంది? ఎవలిన్ డి మోర్గన్ అంతటి చిత్రకారిణి కూడా ఆమెను విషపు సీసాతో, చుట్టూ చీకటి జీవాలతో చూపించడం నాకు బాధనిపించింది.

శీతాకాలంలో పోర్ట్ మెడోలో నీళ్ళు నిలుస్తాయి, ఎండాకాలం చూసుకుని వెళ్ళండి. గోడల దగ్గర అంగళ్ళేమీ లేవు. తిండికి, టాయిలెట్‌కి వంతెన అవతలి పబ్బే దిక్కు. మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్ళకైతే ఇంత ప్రయాణం అక్కర్లేదు: ఆర్థర్ హ్యూజ్ 1854లో వేసిన రోజమండ్ అక్కడి నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాదే.