వాలంటీర్లను నడిపేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఏముంది? ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

నెల్లూరులో ఒక చిన్న సేవా సంస్థలో వాలంటీర్ల బాధ్యత నాది. రొట్టెల పండగకైనా, రక్తదాన శిబిరానికైనా, పెన్న పొంగినప్పుడు భోజనాలు పంచడానికైనా పిల్లల్ని కూడగట్టేది నేనే. ఈ పని నేర్పే పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయని మన దగ్గర చాలామందికి తెలీదు.

అన్నిటికన్నా ఎక్కువ వాడింది బ్రిటన్‌లో స్వచ్ఛంద సంస్థలకు అండగా ఉండే ఎన్‌సీవీవో అనే సంస్థ సైటు. మనిషిని పిలవకముందే అతను చేయాల్సిన పనేంటో రాసి పెట్టుకోమంటుంది. ఇదొక్కటి పట్టుకున్నాక మా పండగ డ్యూటీల తీరే మారిపోయింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు ఘాట్‌లో నిలబడేవాళ్లకి ఇప్పుడు జేబులో పట్టే కార్డు ఇస్తాం. ఎక్కడ నిలబడాలి, ఎన్నింటికి ఎవరొచ్చి మారతారు, బిడ్డ తప్పిపోతే ఎవరికి అప్పగించాలి, పాకుడు పట్టిన మెట్ల దగ్గర జనాన్ని ఎటు మళ్లించాలి, అన్నీ అందులోనే. చివరి లైన్లో ఆ మనిషికి వచ్చిన భాషలు. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు కాబట్టి తమిళం, కన్నడం వచ్చినవాళ్లని విచారణ దగ్గర పెడతాం. "ఇప్పుడేం చేయాలన్నా?" అనే ఫోన్లు బాగా తగ్గిపోయాయి.

డబ్బు విషయంలోనూ అదే సైటు దారి చూపింది. వాలంటీరుకి అయిన ఖర్చు అయినంతే ఇవ్వాలి, గుండుగుత్తగా ఇస్తే అక్కడి చట్టం దాన్ని జీతంగా చూసే ప్రమాదం ఉందంటుంది. ఆ చట్టం మనది కాకపోయినా పద్ధతి మంచిది. 2019 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇవ్వడం జనం చూశారు. అందుకే తల్లిదండ్రులు "మావోడికి నెలకేమిస్తారు సార్?" అని అడగడం సహజం. జీతం ఉండదు, బస్సు ఛార్జీ, భోజనం మావి అని మొదటిరోజే చెప్పేస్తాం. అక్కడి నేరచరిత్ర తనిఖీల పద్ధతి మనకు నేరుగా పనికిరాదు. పిల్లల భద్రత గురించిన పేజీలు మాత్రం వదలొద్దు.

ఆలోచన పెరగాలంటే సుసాన్ ఎలిస్ రాసినవి చదవాలి. 1977లో అమెరికాలో ఎనర్జైజ్ సంస్థ పెట్టి, 2019లో చనిపోయేదాకా వాలంటీర్లను నడిపే ఈ వృత్తి గురించే రాసిన మనిషి. జీతం లేనంత మాత్రాన వాలంటీర్లు ఖర్చు లేకుండా రారని, వాళ్లను చూసుకునే మనిషికి సమయం, బడ్జెట్ ఉండాలని ఆమె వాదన. మా కమిటీ ముందు నేను ఎక్కువగా వాడిన వాదన ఇదే. శిక్షణకని వేరే పద్దు దానివల్లే వచ్చింది.

వాలంటీర్లతో పనిచేసే సంస్థల కోసం వాలంటీరింగ్ ఆస్ట్రేలియా అనే సంస్థ పెట్టిన జాతీయ ప్రమాణాలు 8. ఏడాదికోసారి కమిటీ కూర్చుని వాటితో మా పని సరిచూసుకుంటాం. 2021 నవంబర్‌లో పెన్న వరదను చూసిన ఊరు కాబట్టి భద్రత దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. నీళ్లు మోకాలు దాటితే వాలంటీరు దిగకూడదు, ఒంటరిగా అసలే వెళ్లకూడదు అని అప్పుడే రాసుకున్నాం.

పెద్ద లోటు భాషే. ఇన్నేళ్లలో తెలుగులో ఇలాంటిది నాకు కనబడలేదు. బ్రౌజర్ చేసే అనువాదం చూపిస్తే మా పిల్లలకి తల తిరుగుతుంది. అందుకే ఇంగ్లీషులో నేను చదివి, మీటింగులో మన మాటల్లో చెప్తాను. ఒంగోలు, కందుకూరు వైపు ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే ముందు ఎన్‌సీవీవోలో పని వివరణ రాయడం గురించిన భాగం చదివి, మీ తర్వాతి శిబిరానికి ఒక్క కార్డు రాసి చూడండి. ఆస్ట్రేలియా ప్రమాణాలు మీ దగ్గర కనీసం పదిమంది నిలదొక్కుకున్నాక చూసుకోవచ్చు.